రెండో మానిటర్‌లో కనపడిన చెయ్యి

మంగళవారం, కమలాపురం

మా ఫోటో స్టూడియోలో పాత కంప్యూటర్‌కు ఈ రోజు రెండో మానిటర్ తగిలించాను. వెనక మానిటర్ వైరు పెట్టే వీజీఏ పోర్టు ఒక్కటే ఉంది, పక్కనున్న డీవీఐ పోర్టుకు కన్వర్టర్ పెట్టాల్సి వచ్చింది. నా స్క్రీన్‌లో ఉన్నదే అందులోనూ కనిపించేలా చేసి, వచ్చినవాళ్ల వైపు తిప్పాను. ఇక పూర్తయిన ఫోటో చూడ్డానికి ఎవరూ నా భుజం మీదికి వంగక్కర్లేదు అనుకున్నాను.

మొదట వచ్చింది మా వీధి లక్ష్మమ్మక్క. మొన్న పోయిన భర్తకు శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కావాలంది. ఆయన ఒక్కడే ఉన్న ఫోటో లేదట, ఇద్దరూ కలిసి దిగింది తెచ్చింది. అలవాటుగా ఆమెను కత్తిరించేసి, ఆయన భుజం మీద మిగిలిపోయిన చేతిని చెరపసాగాను. రెండు వేళ్లు పోయాక ఆమె మెల్లగా అంది.

“అది నా చెయ్యి గదప్పా. ఉండనీ.”

“చెయ్యొక్కటే కనపడతాదక్కా, బాగుండదు.”

“కనపడనీలే. నేను పెట్టిందే గదా.”

చెరిపిన వేళ్లను వెనక్కి తెచ్చాను.

షాపు మూసేటప్పుడు ఆ మానిటర్‌ను గోడవైపు తిప్పబోయి ఆగాను. ఇన్నేళ్లలో ఇలాంటి చేతులు ఎన్ని చెరిపానో. వద్దన్నవాళ్లు ఒక్కరూ లేరు. చెరుపుతుంటే చూసినవాళ్లే లేరు గనక.