చంద్రుడి బొట్టు

బాపూ, నీ సంవత్సరీకం అయ్యాక నిన్న నీ చేతిగడియారాన్ని కరీంనగర్ తీసుకెళ్లాను. చిన్న కిటికీలో చంద్రుడు తిరిగే, మీట నొక్కితే సెకన్లు లెక్కపెట్టే ఆ గడియారమే.

దుకాణాయన వెనక మూత తీసి, లోపలి నంబరును భూతద్దంతో చూశాడు.

"మిషన్ అసలుదే తమ్మీ, పంతొమ్మిది వందల అరువైకి ముందుది. గీ చంద్రునికే మళ్ల రంగేసిండ్రు. స్విస్ చంద్రునికి యాడనన్న బొట్టుంటదా? తుడిచి మంచిగ చేస్త," అన్నాడు.

శ్రీరాంపూర్ గని క్వార్టర్‌లో అవ్వను ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఆమె నుదుటి బొట్టు చూస్తూ రంగు పోయిన చంద్రుడికి నువ్వు సన్నటి కుంచెతో బొట్టు పెట్టడం గుర్తొచ్చింది. అవ్వనడిగి చెబుతానన్నాను.

ఇంటికి తెచ్చి సంగతి చెబితే, అవ్వ గడియారాన్ని చేతిలోకి తీసుకుంది.

"తుడవనియ్యకు బిడ్డా. మీ బాపు పోయిన్నాడు నాది తుడిచిండ్రు, గది సాలదా?"