రోజుకు ఒక్క చుట్టు

కింది వాటాలో ఉంటూ, వీధిలోంచి వచ్చే నీళ్లన్నీ మింగేస్తున్న చెల్లెలికి,

మేడమీద నుంచి అన్నయ్య రాయునది. నా కుళాయిలో నీళ్లు దారంలా వస్తున్నాయి. బకెట్ నిండేలోపు ఒక నవల పూర్తి చేశాను, పీఠికతో సహా. నువ్వు మాత్రం ఏనుగును కడుగుతున్నట్టు పోసుకుంటున్నావు. నెలాఖరులోగా నీళ్లు సరిగా రాకపోతే ఇల్లు మారిపోతాను. గది కూడా చూసుకున్నాను.

ఇట్లు,
స్నానానికి నోచుకోని నీ అన్నయ్య

తా.క. ఆరేళ్ల క్రితం నా నిఘంటువును నీ కుంటి మంచం కోడు కింద పెట్టావు. మర్చిపోలేదు. మాటల్లేవంటే లేవు. జవాబు మెట్ల మీద పెట్టు.

---

అన్నయ్యకు నమస్కారాలు.

ప్లంబర్‌ను పిలిపించాను. నీళ్లు నేను మింగడం లేదట. మెట్ల కింద, నీ వాటాకు వెళ్లే పైపు వాల్వు తుప్పుపట్టి సగంలో బిగుసుకుపోయిందట. నూనె పోశాడు. బలవంతంగా తిప్పితే విరుగుతుంది, రోజుకు ఒక్క చుట్టు చాలు అన్నాడు. కింద నేను తిప్పుతాను. పైన నువ్వు చూసి అరిచి చెప్పాలి. అరిస్తే మాట్లాడినట్టు కాదని ప్లంబరే అన్నాడు.

ఇట్లు,
చెల్లి

తా.క. మంచానికి ఇంకో కోడు కూడా అరిగింది. నిఘంటువు రెండో సంపుటం ఉంటే పంపు.

---

చెల్లెలికి,

అరవకూడదనే నిన్న పొద్దున 'నేను సిద్ధం, ఇక తిప్పు' అని చీటీ రాసి పైనుంచి వదిలాను. అది గాలికి పోయి పక్కింట్లో పడింది. పాపం ఆ పెద్దమనిషి పెరటి కుళాయి తిప్పి, ఎవరి కోసమో తెలియక అరగంట నిలబడ్డాడట. సరే, రేపు ఏడింటికి అరుస్తాను.

ఇట్లు,
గత్యంతరం లేని అన్నయ్య

తా.క. దీన్ని రాజీ అనుకోకు.

---

అన్నయ్యకు,

నాలుగు రోజులైంది. నేను "వస్తున్నాయా అన్నయ్యా?" అనడం, నువ్వు "రావట్లేదు" అనడం. వాల్వు పూర్తిగా తెరుచుకుంది, ఇక తిరగదు. ప్లంబర్ తల పట్టుకున్నాడు. పైపే పూడిపోయి ఉంటుంది, గోడ పగలగొట్టాలంటున్నాడు. రేపు మేస్త్రీని తెస్తాడు. పోయేది నా వంటింటి గోడే. పోనీలే. నువ్వు మాత్రం ఇల్లు మారి ఆ గదికి వెళ్లకు.

ఇట్లు,
చెల్లి

తా.క. అరిస్తే నీ గొంతు అచ్చం నాన్న గొంతే.

---

చెల్లీ,

మేస్త్రీని ఆపు. గోడ మీద సుత్తి పడనివ్వకు.

మొదటి రోజే నీళ్లు వచ్చాయి. నీ మొదటి చుట్టుకే అవి మొహాన కొడితే, కళ్లజోడు ఊడి బకెట్లో పడింది. 'వచ్చాయి' అందామనుకున్నాను. కానీ ఆరేళ్ల తర్వాత నువ్వు అన్నయ్యా అని పిలిచావు. వచ్చాయంటే మర్నాడు పిలవవు. అందుకని నాలుగు రోజులూ అబద్ధం ఆడాను. ఇన్ని పుస్తకాలు చదివీ అంతకంటే మంచి ఉపాయం తట్టలేదు.

గది వద్దని కబురు పంపేశాను.

ఇట్లు,
నీ అన్నయ్య

తా.క. రేపు కూడా ఏడింటికి మెట్ల దగ్గర నిలబడి పిలువు. నీళ్ల సంగతి అడగక్కర్లేదు.