అరవై ఒక్క గంటలు

ప్రియమైన అక్కకు,

నా పరువు నిలబెట్టావు! మేం తయారుచేస్తున్న వీడియో గేమ్ నీకు ముందుగా ఇచ్చాను కదా, ఇప్పటికి అరవై ఒక్క గంటలు ఆడినట్టు మా కంప్యూటర్లో కనిపించింది. బస్సు నడిపే మనిషివి, ఇద్దరు పిల్లల తల్లివి, అన్ని గంటలా! ఆ అంకె చూసి మా మేనేజరు ఎగిరి గంతేశాడు. "చూశారా, జనానికి పొడుగాటి ఆటే కావాలి" అని ఇంకో పన్నెండు భాగాలు కలపమంటున్నాడు. సోమవారం ఖాయం చేస్తారు. ఆపైన ఏడాదిపాటు మాకు సెలవుల్లేవు. నీ మరదలు అప్పుడే మూతి ముడుచుకుంది.

చివరి భాగం ఎలా ఉందో వెంటనే రాయి.

నీ పొట్టోడు

ఒరేయ్ పొట్టోడా,

తిట్టుకుంటే తిట్టుకో గానీ, సోమవారంలోపు ఇది చదువు.

చివరి భాగం నేను చూడనేలేదు. రెండోదే పూర్తిచేయలేదు. ఆ గంటలన్నీ మొదటి భాగమే, మళ్లీ మళ్లీ ఆడాను. మీ లెక్క ఎంతసేపో చెబుతుంది గానీ, ఎక్కడో చెప్పదు కదా! డిపోలో నాకు విరామం నలభై ఐదు నిమిషాలు. ఆ భాగంలో మంచులో దారితప్పిన పడవకు దీపం చూపించి ఒడ్డుకు చేర్చేసరికి నలభై అవుతాయి. అందులోంచి ముసలాయన దిగి, వెనక్కి తిరిగి నాకు చెయ్యి ఊపుతాడు. నా బస్సులోంచి రోజుకు నాలుగొందలమంది దిగుతారురా, ఒక్కరూ తిరిగి చూడరు. ఆయన చెయ్యి ఊపితే కడుపు నిండినట్టుంటుంది.

రెండో భాగంలో ముప్ఫై తాళంచెవులు వెతకాలట! ఇంట్లో మీ బావ కళ్లజోడు వెతకలేక చస్తున్నాను, అది చాలదూ?

నీ మూడేళ్ల కష్టం చూసి నిజం చెప్పడానికి నోరు రాలేదు. కానీ ఆ మొదటి భాగం ఒక్కటే నువ్వు ప్రాణంపెట్టి చేసినట్టుందిరా.

ప్రేమతో,
అక్క

ప్రియమైన అక్కా,

రెండు రోజులు నీమీద అలిగాను. సోమవారం నీ ఉత్తరం మేనేజరు ఎదుటే అందరికీ చదివి వినిపించాను. బొమ్మలు గీసే అమ్మాయి మెల్లగా, "నేనూ మూడో భాగం దాటలేదు సార్" అంది. సంగీతం చేసినాయనా అంతే. మేనేజరు అయితే మొదటిదే దాటలేదట! అసలు సంగతి చెప్పనా? నేనూ ఏనాడూ మొదటినుంచి చివరిదాకా కూర్చుని ఆడలేదు. ముక్కలు ముక్కలుగా తప్పులు దిద్దుకుంటూ పోయానంతే.

అందరం పట్టుబడితే మేనేజరు సరేనన్నాడు, మిగతావన్నీ తీసేశాం. ఇప్పుడు మొదటి భాగమే మొత్తం ఆట. ఇంత చిన్నదాన్ని ఎవరు కొంటారని మేనేజరు ఇంకా గొణుగుతున్నాడు. నాకూ భయంగానే ఉంది.

నిన్న సాయంత్రం ఆరుగురం కలిసి మా ఆటను తొలిసారి పూర్తిగా ఆడాం. అయిపోయాక చాలాసేపు ఎవరూ కుర్చీలోంచి లేవలేదు.

ఉంటాను అక్కా,
నీ పొట్టోడు