పాత వెర్షన్ తీసేసిన తమ్ముడికి

సిరిసిల్ల, జనవరి 18

తమ్మీ సతీశ్,

కోరుట్లలో అందరూ బాగున్నారా? ఫోన్ చేస్తే మీటింగ్‌లో ఉన్నానంటావు, అందుకే రాస్తున్నాను. మా మహిళా సంఘం గదిలోని పాత కంప్యూటర్ మూగబోయింది. తెలుగు అక్షరాలను చదివి వినిపించే, నువ్వు రాసిన ఆ సాఫ్ట్‌వేర్ లైబ్రరీతోనే కదా అది మాట్లాడేది! మంగళవారం నీ కొత్త వెర్షన్ వేశాను. అప్పటి నుంచి పలకడం లేదు.

ఐలమ్మ నీకు తెలియదు. చూపు పోయాక మూడేళ్లుగా రోజూ బోయినపల్లి నుంచి బస్సెక్కి వచ్చి పేపరంతా వింటుంది. ఇంటికి పోయి వాడకట్టులో ఇరుగుపొరుగుకంతా చెబుతుంది. ఆ రోజు మీట నొక్కింది, మాట రాలేదు. మళ్లీ నొక్కింది. "నా చెయ్యి తాకే ఖరాబైందేమో బిడ్డా" అంది. నీ వైపు ఏమైనా మార్చావా?

నీ క్షేమం కోరే అక్క,
స్వరూప

కోరుట్ల, జనవరి 23

అక్కా,

నా వైపు ఏమీ లేదు. వేలమంది వాడుతున్నారు, ఎవరూ ఫిర్యాదు చేయలేదు. ఆ కంప్యూటర్‌కు వయసైపోయింది. స్పీకర్ పోయి ఉంటుంది, లేదా ఎవరో ఏదో నొక్కి ఉంటారు. జగిత్యాలలో రిపేరు షాపులో చూపించు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ వాళ్ల సభలో నా లైబ్రరీ గురించి మాట్లాడమన్నారు, ఆ హడావిడిలో ఉన్నాను.

ఉంటాను,
సతీశ్

సిరిసిల్ల, ఫిబ్రవరి 6

తమ్మీ,

నీ ఉత్తరం చదివి పదిమంది ముందు ఐలమ్మను అడిగాను: "ఏం నొక్కినవ్ ఐలమ్మా? నిజం చెప్పు." ఆమె, "అవు బిడ్డా, నేనే ఏదో నొక్కిన" అంది. కర్ర తడుముకుంటూ లేచి వెళ్లింది. మళ్లీ రాలేదు.

నిన్న కంప్యూటర్‌ను బస్సులో జగిత్యాల తీసుకుపోయాను. రిపేరు చేసే రాజేందర్ అంతా విప్పి చూసి, "దీనికేం రోగం లేదక్కా. మీరేసిన కొత్త సాఫ్ట్‌వేరే దీని మీద నడుస్తలేదు" అన్నాడు.

నీకు ఇది ముందే తెలుసా? అవునో కాదో ఒక్క మాట రాయి.

స్వరూప

కోరుట్ల, ఫిబ్రవరి 9

అక్కా,

అవును. నీ మొదటి ఉత్తరం సగం చదివేసరికే తెలిసింది.

నా లైబ్రరీ రాసింది పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో; ఆ కంప్యూటర్‌లో దాని పాత వెర్షనే నడుస్తుంది. ఆరేళ్లపాటు పాతదానికీ కొత్తదానికీ కలిపే రాశాను. చిన్న మార్పు చేసినా రెండింటి మీదా పరీక్షించాలి. విసుగొచ్చింది. సభలో చూపించే కోడ్ శుభ్రంగా ఉండాలని పాతదాని కోసం రాసినదంతా తీసేశాను. 'ఇది పాత పైథాన్ మీద నడవదు' అని ఒక్క వరుస చేర్చి ఉంటే, నీ కంప్యూటర్ నా కొత్త లైబ్రరీని వేసుకోకుండా ఉన్నదానితోనే మాట్లాడుతూ ఉండేది. ఇంకా ఎవరు వాడతారులే అనుకున్నాను. నిజం చెబితే సభ ముందు పరువు పోతుందని చూపులేని మనిషి మీదికి నెట్టాను. ఈ వాక్యం మూడుసార్లు కొట్టేసి మళ్లీ రాశాను.

పాత పైథాన్ మీద నడిచే కాపీని వేరేగా పెట్టాను. తప్పు నాదేనని లైబ్రరీ పేజీలో నా పేరుతో రాశాను. సభలోనూ ఇదే చెబుతాను. ఆదివారం వస్తాను, నన్ను ఆమె దగ్గరికి తీసుకుపో.

నీకు ముఖం చూపించలేని
తమ్ముడు

సిరిసిల్ల, ఫిబ్రవరి 20

తమ్మీ,

నువ్వు నేల మీద కూర్చుని చెప్పిందంతా విని, ఐలమ్మ నీకు చాయ్ పోసింది కదా. నువ్వు బస్సెక్కాక నాతో ఏమందో రాస్తున్నాను.

"గా మంగళారం నువ్వు దాంట్ల ఏదో ఎక్కిచ్చుడు నేను విన్న బిడ్డా. నీ చేతులనే ఖరాబైందనుకున్న. గంతమంది ముంగట నీ ఇజ్జత్ ఎందుకు తీసుడని నా మీదేసుకున్న."

కొత్త వెర్షన్ వేసింది నేనేనని ఆ పదిమందికీ నేను చెప్పనే లేదు తమ్మీ. నిన్ను తప్పు పడుతూ ఉత్తరాలు రాశాను గానీ, ఆమెను నిలదీసింది నా నోరే. మొన్న సంఘం కూర్చున్నప్పుడు లేచి అంతా చెప్పాను. కొందరు తల దించుకున్నారు, ఒకరిద్దరు నవ్వారు.

నిన్న ఐలమ్మ వచ్చింది. కంప్యూటర్ పలికింది. పేపరంతా విన్నది. కానీ మూడేళ్లు తనే నొక్కుకున్న మీటను ఈసారి తాకలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని, "నువ్వే నొక్కు బిడ్డా" అంది.

నీ అక్క,
స్వరూప