మూడొందల ఏళ్లకు తిరిగొచ్చినవాడు

మిరాన్ వాళ్లమ్మా,

లారీలో ఎండు చేపల లోడుతో డేగూ వెళ్తున్నాను. రేపు సాయంత్రానికి వస్తాను. సోయా ముద్ద పులుసు పొయ్యి మీదే ఉంది, వేడి చేసుకుని తిను. చలి పెరుగుతుందట, ఇల్లు వేడిచేసే బాయిలర్ కట్టేయకు.

నిన్న బజారులో నువ్వే అనుకుని ఇంకెవరో ఆవిడ భుజం తట్టి "పద, ఇంటికి పోదాం" అన్న మాట నిజమే. ఆవిడదీ నీలాగే ఉంగరాల జుట్టు, ఊదారంగు దూది కోటు. ఆ బజారులో ఆడవాళ్లందరికీ జుట్టుకి ఉంగరాలు తిప్పే దుకాణం ఒక్కటేనాయె, నేనేం చేయను?

దానికి నువ్వు పక్కింటి ఆక్‌బున్ ముందు ఏమన్నావు? "సీరియల్లో ఆయన మూడొందల ఏళ్ల తర్వాత, ఇంకో జన్మలో, ఇంకో మొహంతో పుట్టినా తన మనిషిని అడుగుల చప్పుడుకే గుర్తుపట్టాడు. మా ఆయన ముప్పై ఏళ్లుగా ఈ ఒక్క మొహమే చూస్తూ పోల్చుకోలేడు" అన్నావు. "అయితే వచ్చే జన్మలో ఈయన వద్దా అక్కా?" అని ఆక్‌బున్ అడిగితే నవ్వి ఊరుకున్నావు. వద్దని అనేసినా ఇంత మంట ఉండేది కాదు.

గోళ్లు తీసుకుంటున్నట్టు పక్కన కూర్చుని నేనూ పద్నాలుగు భాగాలు చూశాను. వంతెన మీద వాడు ఆమెని గుర్తుపట్టినప్పుడు నేనూ గోళ్లు తీయడం ఆపేశాను, ఒప్పుకుంటాను. కానీ పనీపాటా లేనివాడు ఎన్నేళ్లయినా ఎదురుచూస్తాడు. మూడొందల ఏళ్లలో ఒక్కరోజైనా లారీ తోలాడా?

మర్చిపోయాను. నీ ఎడమ బూటు మడమ మళ్లీ బయటివైపు అరిగింది. ఎప్పుడూ అదే ముందు అరుగుతుంది. కొత్త మడమ వేయించి గుమ్మంలో పెట్టాను. ఆమె బూట్లు ఎటువైపు అరుగుతాయో ఆ సీరియల్ వాణ్ణి చెప్పమను.