మన పాముకి పరాయి మందు

బుధవారం, పొద్దున

చిరంజీవి మరిదికి,

వదిన దీవించి రాస్తున్నాను. ఇక్కడ మనవరాలు తప్ప అందరం క్షేమం. నువ్వెలా ఉన్నావని అడగను. ఆరోగ్య శాఖ కార్యదర్శికి అనారోగ్యం ఎక్కణ్ణుంచి వస్తుంది!

పాముకాటు మందు ఇకపై విదేశాల నుంచే కొనాలన్న నీ కొత్త బయోటెక్నాలజీ విధానం శాసనసభ కమిటీ ముందుకు వస్తోందనీ, సర్కారు సీరం ల్యాబ్ నడిపినదాన్ని కాబట్టి నేను మెచ్చుకుంటూ నాలుగు ముక్కలు రాసిస్తే గట్టెక్కుతుందనీ రాశావు. ఎంత నమ్మకం నాయనా నా మీద!

ఆ ల్యాబ్ మూయించిన నాడు, బయోటెక్నాలజీ అంటే గుర్రప్పేడ కాదు వదినా అని నవ్వావు. పాము విషం కొద్దికొద్దిగా ఎక్కించి, రక్తంలోంచి మందు తీసే నా గుర్రాలను బండ్లవాళ్ళకి వేలం వేయించావు. మరి నువ్వు తెప్పించిన సీసా మీద ఏం రాసుందో ఎప్పుడైనా చదివావా? అదీ గుర్రం రక్తంలోంచి తీసిందే. కాకపోతే విమానమెక్కి వచ్చింది. పైగా అక్కడి పాముల విషానికి చేసింది. మన పాములకి అదీ, మంచినీళ్ళూ ఒకటే.

పోయిన నెల హాస్టల్ పెరట్లో మనవరాలిని పాము కరిచింది. డాక్టరు సీసా మీద సీసా ఎక్కిస్తూనే ఉన్నాడు, పిల్ల చెయ్యి నల్లబడుతూనే ఉంది. ప్రాణం దక్కింది. కుడిచేతి వేళ్ళు మూడు తీసేశారు. చిన్నతాతయ్య బాధపడతాడు, చెప్పకు నానమ్మా అంది. దానికి నీ మీదున్న జాలి నాకు లేదు.

మీ అన్నయ్య కాస్త మెత్తగా రాయమన్నారు. ఇదే మెత్తన. నీ విధానం చచ్చేదాకా నేను చావను. నా ల్యాబ్ తాళం తీయిస్తాను, లాయం నిండా గుర్రాలను కట్టిస్తాను. ప్రారంభోత్సవానికి నిన్ను మాత్రం పిలవను.

నీ మేలు కోరడం మానేసిన
వదిన

తా.క.: నీ చేతిలో ఉన్నది నకలు. అసలుది నిన్న, గురువారం నాడు, కమిటీ ముందు నేనే నిలబడి, ‘చిరంజీవి మరిదికి’ దగ్గర్నుంచి చదివి వినిపించాను. మొదట్లో నవ్వారు. నాతో వచ్చిన మనవరాలు తన కుడిచెయ్యి బల్ల మీద పెట్టాక ఎవరూ నవ్వలేదు. కొనుగోలు ఆపేశారు. నువ్వు విదేశీ సభలో ఉపన్యాసం ముగించుకుని విమానం దిగగానే సంజాయిషీకి రమ్మంటారు. వచ్చినప్పుడు మనింట్లోనే దిగు. పిల్ల ఎడంచేత్తో అక్షరాలు దిద్దుకుంటోంది, పక్కన కూర్చుని చూద్దువుగాని.