మామయ్య మంచు మేకులు

తమ్ముడూ యౌనీ,

ఈ ఏడు సరస్సు గడ్డకట్టింది గానీ నమ్మేలా లేదు. జనవరిలో వానలు పడి మంచు గుల్లబారింది. ఊళ్లో ఎవరూ దాని మీద అడుగు పెట్టడం లేదు. సరస్సు చేప తప్ప ఇంకేదీ సహించక హిల్కా అత్త చిక్కి సగమైంది.

మన పక్కింటి కుర్రాడు తాయిస్తో ఉన్నాడే, అతనే మొన్న చేపలకు వెళ్లాడు. తేలిక పడవను ముందుకు నెట్టుకుంటూ, దాని అంచు వదలకుండా నడిచాడు. రెండుచోట్ల కాలి కింద మంచు విరిగితే పడవలోకి దూకాడు. మీసాల చేపతో తిరిగొచ్చాడు. దాన్ని కార్జంతో సహా పాలల్లో ఉడికిస్తే అత్త రెండు గిన్నెలు తాగింది.

"ఏరా, ఈ బక్క చేప కోసమా అంత దూరం పోయావు?" అంది.

"నీలాగే చిక్కిపోయింది అత్తా, జాలేసి తెచ్చా."

అత్త నవ్వింది. అంతలో అతని బోసి మెడ చూసి, "నీ మేకులేవిరా?" అంది.

"నిరుడు నీళ్లలో పోయాయి."

మునిగేవాడు మెడలోంచి తీసి మంచులో గుచ్చి పైకి పాకడానికి మామయ్య చేసుకున్న మేకుల జత, హెల్సింకీలో నీ గోడకు అలంకారంగా వేలాడుతోంది. వెంటనే పంపు. ఆ కుర్రాడు శనివారం మళ్లీ వెళ్తానంటున్నాడు. అవి అతని మెడలో పడేదాకా అతను తెచ్చిన చేప ముట్టనని అత్త ఒట్టేసింది.

నీ అక్క